నీలం బండి బేరం

జనవరి 9

అమ్మాయ్,

నీ ఉత్తరం నిన్న మధ్యాహ్నం చేరింది. నీకు బదిలీ అయిందనీ, మార్చి ఆఖరుకి ఫ్లాటు ఖాళీ చేయాలనీ, అబ్బాయి కారు అమ్మేసి వెళ్దామనుకుంటున్నాననీ రాశావు. మొదటి రెండూ నా చేతిలో లేనివి. మూడోది మాత్రం నాతో ఒక్క మాట అనకుండా ఎలా అనుకున్నావో అంతుపట్టలేదు. నలభై ఏళ్ళుగా పాత కార్లు అమ్మించి, కొనిపించి, ఆ కమీషను మీద బతికినవాణ్ణి. అబ్బాయిని చదివించింది కూడా ఆ కమీషనే. సొంత కోడలు కారు అమ్మడానికి పేపర్లో ప్రకటన వేయించిందని తెలిస్తే ఈ కార్ల వీధిలో నేను తలెత్తుకు తిరగగలనా?

అందుకని చెప్తున్నాను, ఆ నీలం బండి నేను కొంటాను. ఎవరికో తిప్పి అమ్మడానికి కాదు, నాకే. నువ్వు ధర చెప్పు.

ఫోను మాత్రం చెయ్యకు. ఫోన్లో నీ గొంతు నాకు గీరినట్టు వినిపిస్తుంది తప్ప మాట తెలియదు. నేను "ఆఁ? ఆఁ?" అని అరుస్తూ ఉంటే అవతల నువ్వు నవ్వుతున్నావో ఏడుస్తున్నావో కూడా పోల్చుకోలేను. ఆసుపత్రిలో చెవుల పరీక్షలు చేసే కోడలుండగా మామకి చెవుడేమిటని ఇక్కడ అందరూ నన్ను ఆటపట్టిస్తారు. చెవిలో మిషను పెట్టుకుంటే, కొనడానికి వచ్చినవాడు పెళ్ళాంతో గుసగుసగా అనే మాట కూడా నాకు వినపడుతుంది. అది బేరంలో అన్యాయం కాదూ? అందుకే పెట్టుకోను.

వాడు పోయి ఎనిమిది నెలలు దాటింది. దాని గురించి ఏమీ రాయను. మొదలుపెడితే పని జరగదు. ధర రాయి.

మామయ్య

జనవరి 17

మామయ్యగారికి నమస్కారం.

మీకు చెప్పకుండా చేయాలని కాదు. మిమ్మల్ని మళ్ళీ కదిలించడం ఎందుకని ఊరుకున్నాను. ఆ కారు పేరెత్తితే చాలు, ఆయన అది మీ దగ్గర కాకుండా షోరూములో, అడిగినంతా ఇచ్చి కొన్న సంగతి మీకు గుర్తొస్తుందని భయం. ఇంటికి తెచ్చిన రోజున మీరు చుట్టూ ఒకసారి తిరిగి, చెప్పులు వేసుకుని వెళ్ళిపోయారు. "చూశావా, నాన్న లోలోపల లక్ష తగ్గించేశాడు" అని ఆయన రెండు రోజులు నవ్వారు.

ధర మాట ఎత్తకండి. మీ అబ్బాయి బండికి మీ దగ్గర డబ్బు తీసుకుంటే నాకు అన్నం దిగుతుందా? మీరు ఎవరినైనా డ్రైవరుని పంపండి, తాళాలిచ్చేస్తాను. నాకు నడపడం రాదని మీకు తెలుసు కదా. ఆ రోజు ఆయన స్నేహితుడు ఆఫీసు నుంచి తెచ్చి నిలబెట్టినచోటే ఉంది. వారానికోసారి కిందికి వెళ్ళి, బ్యాటరీ చచ్చిపోకుండా ఇంజను వేసి కాసేపు కూర్చుని వస్తున్నాను.

ఇల్లంతా అట్టపెట్టెలే. వంటగది సగం సర్దాను. బట్టల బీరువా జోలికి ఇంకా పోలేదు. సాయంత్రం పూట పార్కింగులో ఎవరి కారు తాళం "కీ కీ" మన్నా లేచి తలుపు దాకా వెళ్తున్నాను. మా పరీక్ష గదిలో కొంతమంది రోగులు శబ్దం రాకపోయినా వచ్చిందనుకుని బటను నొక్కేస్తారు. ఇదివరకు వాళ్ళ మీద విసుక్కునేదాన్ని. ఇప్పుడు విసుక్కోవడం లేదు.

వేళకి భోజనం చేయండి. టీలతో కడుపు నింపుకోకండి.

మీ కోడలు

జనవరి 25

అమ్మాయ్,

ఊరికే ఇస్తానంటావా? ఊరికే వచ్చిన బండిని నేను పుట్టి బుద్ధెరిగాక తీసుకోలేదు. ఊరికే తీసుకుంటే ఏముంటుంది, "అందింది, సంతోషం" అని ఒక ముక్క రాసి కవరు అంటించడమే కదా. ధర ఉంటేనే వస్తువుకి మర్యాద, మనకీ మర్యాద. నేను కొనేవాణ్ణి, నువ్వు అమ్మేదానివి. మామా కోడళ్ళ సంగతి తర్వాత.

ఇంతకీ బండి చూడకుండా బేరమేమిటి. నేను అంత దూరం ప్రయాణం చేసి రాలేను, మోకాళ్ళు ఒప్పుకోవు. కాబట్టి నా బదులు నువ్వే చూడాలి. టైరు పక్కన నాలుగంకెలు పోతపోసి ఉంటాయి, అది ఏ వారం, ఏ ఏడు తయారైందో చెప్తుంది. నాలుగు టైర్లవీ చూసి రాయి. వెనక ఎడమ తలుపు వేస్తే "ధబ్" మంటుందా, "టక్" మంటుందా? టక్ మంటే ఎక్కడో గుద్దించి సరిచేశారన్నమాట. ఏసీ వేసిన మొదటి నిమిషంలో ఏం వాసన వస్తుంది? స్టీరింగు తోలు ఎక్కడ అరిగింది? పక్క సీటు బెల్టు లాగితే గబుక్కున వెనక్కి పోతుందా, బద్ధకంగా పోతుందా?

అన్నీ ఒక్క ఉత్తరంలోనే రాయాలని లేదు. తీరిక చూసుకుని ఒక్కొక్కటే రాయి. తొందరపడి చూస్తే బండిలో లోపం కనపడదు.

ఇక్కడ చలి తగ్గింది. పక్క షెడ్డు రంగులాయన కూతురికి ఉద్యోగం వచ్చిందట, స్వీట్లు పంచాడు. నేను అబ్బాయి వాటా కూడా తీసుకున్నాను. చెయ్యి అలవాటు కొద్దీ అలా వెళ్ళింది.

మామయ్య

ఫిబ్రవరి 4

మామయ్యగారికి,

మీరు అడిగినవన్నీ చూశాను. ఆదివారం పొద్దున్న వెళ్ళినదాన్ని భోజనం వేళకి గానీ పైకి రాలేదు. కాగితం, పెన్ను పట్టుకుని టైర్ల పక్కన చతికిలబడితే వాచ్‌మన్ వచ్చి "ఏమైనా పోయిందా అమ్మా?" అని అడిగాడు. టైరు నంబరు చూస్తున్నానన్నాను.

టైర్లు నాలుగూ ఒకే ఏడాదిలో తయారైనవి, ఆ అంకెలూ, బండి సర్వీసు తేదీలూ ఈ కాగితం వెనక రాశాను. తలుపు "ధబ్" మనే అంటోంది. రోజంతా శబ్దాలతో పని నాది. ఇంత మెత్తగా మూసుకునే తలుపు మా పరీక్ష గదికి కూడా లేదు. ఏసీ వేస్తే మొదట దుమ్ము వాసన, ఆ తర్వాత ఆయన గడ్డం గీసుకున్నాక రాసుకునే లోషను వాసన. దీన్ని మీరు లోపం కింద రాసుకుంటారో, సుగుణం కింద రాసుకుంటారో మీ ఇష్టం. స్టీరింగు కుడివైపు పైన అరిగింది. సిగ్నలు దగ్గర ఆగినప్పుడల్లా అక్కడ బొటనవేలితో తాళం వేసేవారు. నేను వద్దంటే ఇంకా గట్టిగా వేసేవారు. బెల్టు బద్ధకంగా పోతోంది. అది నా వైపు బెల్టు.

మా పై అంతస్తులో పళ్ళ డాక్టరుగారున్నారు. ఈ కారుకి ఎనిమిది లక్షలు ఇస్తానని రెండుసార్లు అడిగారు. మీరు ఎలాగూ ధర చెప్పందే వదలరు కాబట్టి చెప్తున్నాను, మీకైతే ఆరు. ఇక దీని మీద ఉత్తరాలు పెంచకుండా సరేననండి. మార్చి ఎంతో దూరం లేదు.

మీ కోడలు

ఫిబ్రవరి 12

అమ్మాయ్,

ఆరా? కూర్చునే చదివాను కాబట్టి సరిపోయింది.

పళ్ళ డాక్టరు ఎనిమిది అన్నాడంటే అతనికి పళ్ళ సంగతి తెలుసు గానీ బళ్ళ సంగతి తెలియదని అర్థం. ఇలాంటి ఖరీదైన కారుకి కొన్నప్పుడే విలువ. దీని ఒక్క ముందు దీపం పగిలితే, అది మార్చే ఖర్చుతో మామూలు కారు ఇంజను వస్తుంది. టైర్లు ఒకే ఏడాదివి అన్నావు, అంటే నాలుగూ ఒకేసారి మార్చాల్సి వస్తుంది. బెల్టు బద్ధకం. తోలు అరుగుదల. పైగా నువ్వు పంపిన సర్వీసు తేదీలు చూస్తే చివరిది బాగా ఆలస్యంగా చేయించారు. వాడి సంగతి తెలిసిందే, పూర్తిగా పాడయ్యే దాకా ఎవరికీ చూపించడు, బండినైనా, ఒంటినైనా. ఇంట్లోవాళ్ళు వెంటపడి తీసుకెళ్ళాలి.

ఇవన్నీ తీసేస్తే మూడు. అంతకి పైసా ఎక్కువ పెట్టను.

నువ్వు కాదంటావని తెలుసు. ఎందుకు కాదో రాయి. నేను దానికి జవాబు రాస్తాను. బానెట్టు ఎత్తితే కుడివైపు ఒక రేకు మీద నంబరు కొట్టి ఉంటుంది, అది కూడా చూసి రాయి. తొందరేమీ లేదు.

మామయ్య

ఫిబ్రవరి 19

మామయ్యగారికి,

మూడుకే ఇస్తాను. తీసుకోండి. మనిషిని ఎప్పుడు పంపుతారో తేదీ రాయండి చాలు.

ఇంట్లోవాళ్ళు వెంటపడి తీసుకెళ్ళాలని రాశారు. ఆ ఇంట్లోవాళ్ళెవరో నాకు తెలుసు, ఇంట్లో ఉన్నది నేనొక్కదాన్నే కదా. ఛాతీలో మంటగా ఉందని ఆయన అన్న రోజు నేను అజీర్తి మాత్ర ఇచ్చాను. మర్నాడు తగ్గిందన్నారు, నమ్మాను. మూడో రోజు ఆఫీసు మెట్ల మీద పడిపోయారు. ఆసుపత్రిలోనే పని చేస్తూ ఇది తెలుసుకోలేకపోయానే అని నేను అనుకోని రోజు లేదు. మీ నోటి నుంచి ఎప్పుడో ఒకప్పుడు వస్తుందని ఎదురుచూస్తూనే ఉన్నాను. కారు ధరలో కలిపి వస్తుందని మాత్రం అనుకోలేదు.

రేకు మీద నంబరు చూడలేదు.

కోడలు

ఫిబ్రవరి 24

అమ్మా, తల్లీ,

నా చెయ్యి విరిగిపోను. ఆ మాట నిన్ను అనలేదు. ఒట్టు. అది వాడి మీద విసుగు. చిన్నప్పటి నుంచీ అంతే వాడు, జ్వరం వస్తే దుప్పటి కింద దాక్కునేవాడు. వాళ్ళమ్మ ఉన్నన్నాళ్ళూ వెతికి పట్టుకుని డాక్టరు దగ్గరికి ఈడ్చుకెళ్ళేది. ఆవిడ పోయాక ఈ పని నాదైంది, నాకు సరిగా చేతకాలేదు. రాస్తున్నప్పుడు నా కళ్ళ ముందు ఉన్నది వాడూ వాళ్ళమ్మే, నువ్వు కాదు. ఎదురుగా ఉండి మాట్లాడితే మొహం చూసి ఆపేసేవాణ్ణి. ఉత్తరానికి మొహం ఉండదే. నీ ఉత్తరం మూడుసార్లు చదివి షాపు షట్టరు దించేసి కూర్చున్నాను.

ఆ మాట అలా ఉంచు. మూడుకి ఇస్తానని ఎలా రాశావసలు? ఇంత పెద్ద బండిని, ధబ్ మనే తలుపుల బండిని మూడుకి ఇచ్చేస్తారా ఎవరైనా? నేను ఒప్పుకోను. ఆ ధరకి తీసుకుంటే కోడల్ని ముంచాడంటారు. నిన్న కూర్చుని మళ్ళీ లెక్క కట్టాను. దాని న్యాయమైన ధర తొమ్మిది. తొమ్మిదికి తక్కువ నేను ఇవ్వను. నీకు మరీ ఎక్కువనిపిస్తే ఎనిమిదిన్నర అను, ఆలోచిస్తాను. అంతకంటే కిందికి దిగేది లేదు.

ఎనిమిదిన్నర అయితే దేనికి ఎంత తగ్గిస్తున్నావో వివరంగా రాయాలి మరి. రేకు నంబరు సంగతి కూడా మర్చిపోకు. డిక్కీలో స్పేరు టైరు కింద తడి ఉందేమో చెయ్యి పెట్టి చూడు.

కోపం తగ్గించుకో. నేను మొరటువాణ్ణి, నీకు కొత్తేం కాదు.

మామయ్య

మార్చి 4

మామయ్యగారికి,

కారు అమ్మేశాను. పళ్ళ డాక్టరుగారికి, ఎనిమిదికి.

మూడన్నారు, సరేనన్నాను. సరేనంటే తొమ్మిదన్నారు. నేను కొడుకుని పోగొట్టుకున్న మీ ముందు నోరెత్తకూడదని ఇన్నాళ్ళూ ఊరుకున్నాను గానీ, నాకూ ఒక ఓపికంటూ ఉంటుంది. తొమ్మిదంటే ఏమిటి మామయ్యగారూ, మొదట తిట్టి తర్వాత జాలిపడి ఇచ్చే డబ్బా? మొగుడు పోయినదాని చేతిలో నాలుగు రాళ్ళు పెడదామనుకున్నారా? నాకు ఉద్యోగం ఉంది. నేను మిమ్మల్ని ఏమీ అడగలేదు.

డాక్టరుగారు మంచివారు. బండి చూస్తానంటే ఆదివారం కిందికి తీసుకెళ్ళాను. ఆయన పొట్టి మనిషి. డ్రైవరు సీట్లో కూర్చోగానే పక్కనున్న మీట నొక్కారు. సీటు గుంయ్‌మంటూ ముందుకి జరిగింది, అద్దాలు వాటంతటవే వంగాయి. నేను పక్క సీట్లో కూర్చుని ఉన్నాను. మీ అబ్బాయి కాళ్ళు ఎంత పొడుగో, అద్దంలోకి ఎంత ఎత్తు నుంచి చూసేవారో చెప్పగలిగినది ఆ సీటు అమరిక ఒక్కటే మిగిలి ఉండింది. అదీ పోయింది. ఆయన "ఇంజను భలే ఉందండీ" అంటున్నారు. అవునండీ అన్నాను. పైకి వచ్చి స్నానాలగదిలో కుళాయి తిప్పుకుని ఏడ్చాను.

ఇప్పుడు మీతో ఒక పని పడింది. బండి ఆయన పేరు మీద ఉంది కాబట్టి, పేరు మారాలంటే భార్య ఒక్కతే సంతకం పెడితే చాలదట. తండ్రి బతికి ఉంటే ఆయన కూడా అభ్యంతరం లేదని అధికారి ముందు సంతకం పెట్టాలట. ఆ కాగితం ఇందులో పెట్టాను. ఈ నెల ఇరవై అయిదు లోపల అందితే, నేను వెళ్ళేలోగా పని పూర్తవుతుంది. డబ్బులో మీ భాగం ఎంతో చెప్పండి, పంపుతాను.

కోడలు

మార్చి 11

అమ్మాయ్,

నాకు భాగం వద్దు. ఇంకోసారి ఆ మాట రాయకు.

సంతకం పెట్టలేదు. కాగితం బల్ల మీదే ఉంది. ఫ్యాను గాలికి ఎగిరిపోకుండా దాని మీద నా కళ్ళజోడు పెట్టాను. కళ్ళజోడు అక్కడ పెడితే సంతకం ఎలా పెడతావయ్యా అని నన్ను నేనే అడుగుతున్నాను. ఇది వేరే కళ్ళజోడు పెట్టుకుని రాస్తున్న ఉత్తరం. ఈ రెండోదాని కాడ విరిగింది, చేత్తో పట్టుకోవాలి. అందుకే అక్షరాలు ఇలా ఉన్నాయి.

జాలి కాదమ్మా. నీ మీద జాలిపడేంత గొప్పవాణ్ణి కాదు నేను. చెప్తాను, విను.

మా వీధిలో బేరం నడుస్తున్నంతకాలం మనిషి వస్తూ ఉంటాడు. ఇవాళ వస్తాడు, టైరు తన్ని చూస్తాడు, టీ తాగుతాడు, పిల్లల చదువులు, అత్తగారి మోకాళ్ళు, అన్నీ చెప్తాడు. ఎల్లుండి మళ్ళీ వస్తాడు. చుట్టాల కన్నా దగ్గరవుతాడు. ధర కుదిరి తాళాలు చేతిలో పడ్డాయా, ఇక ఆ మనిషి ఈ వీధి మొహం చూడడు. ఇన్నేళ్ళలో ఒక్కడు కూడా ఊరికే పలకరిద్దామని వెనక్కి రాలేదు. వాళ్ళ తప్పేం లేదు, పని అయిపోయింది కదా.

మీకు పిల్లలు లేరు. వాడు లేడు. నువ్వు చిన్నదానివి, కొత్త ఊరు వెళ్తున్నావు. ఇక ఈ ముసలాడితో నీకేం పని? కారు అమ్ముతానని నువ్వు రాసినప్పుడు నాకు పట్టుకోవడానికి ఒక కొస దొరికింది. ధర కుదరనంతకాలం నువ్వు రాస్తావు. అందుకే టైరు నంబరు అడిగాను. అందుకే వాసన అడిగాను. వాడు స్టీరింగు మీద తాళం వేసేవాడని నాకెవరు చెప్పేవాళ్ళు, నేనా ప్రశ్న అడక్కపోతే? ఆ ఉత్తరం జేబులో పెట్టుకుని తిరిగాను.

మూడని రాసింది నువ్వు పోట్లాడతావని. కాస్త బుర్ర ఉన్న ఏ అమ్మేవాడైనా పోట్లాడతాడు. నువ్వు సరేనన్నావు. బేరంలో అంతకంటే భయంకరమైన మాట ఇంకోటి లేదు. ఏం చేయాలో తోచక తొమ్మిదని రాశాను. అమ్మేవాణ్ణి కిందికి లాగడం వచ్చు గానీ, కొనేవాడిగా పైకి పాకడం నేనెప్పుడూ చేయలేదు. అందుకే అది అలా వెకిలిగా వచ్చింది.

వాడి గురించి మాట్లాడుకోవడానికి ఈ భూమ్మీద నువ్వూ నేనూ తప్ప ఎవరున్నారు? సంతకం పెడితే నీకు నాతో ఆఖరి పని కూడా అయిపోతుంది. అదీ సంగతి.

మామయ్య

మార్చి 16

మామయ్యగారికి,

మీ ఉత్తరం డ్యూటీలో ఉండగా వచ్చింది. పరీక్ష గదిలో, తలుపు వేసుకుని, రోగి కూర్చునే కుర్చీలో కూర్చుని చదివాను. ఆ గదిలో బయటి శబ్దం ఏదీ వినపడదు. మన ఊపిరి మనకే వినపడుతుంది.

మిమ్మల్ని ఆ మాటలన్నందుకు నన్ను క్షమించండి. కానీ ఇప్పుడు నేను చెప్పబోయేది విని కూడా క్షమించాలి, అది ఇంకా కష్టం.

మీరు ఎందుకు అడుగుతున్నారో నాకు కొంత తెలుసు. ఏసీ వాసన అడిగినప్పుడే అనుమానం వచ్చింది. నాకూ బాగానే ఉండేది. మీ ఉత్తరం వస్తే కిందికి వెళ్ళడానికి ఒక సాకు దొరికేది. మొదట ఆదివారాలు వెళ్ళాను. తర్వాత డ్యూటీ నుంచి వచ్చి నేరుగా కారులోకి వెళ్ళి, అక్కడి నుంచి పైకి రావడం మొదలుపెట్టాను. ఒకరోజు అన్నం గిన్నె తీసుకెళ్ళి నా సీట్లో కూర్చుని తిన్నాను. ఆయనతో మాట్లాడుతూ తిన్నాను మామయ్యగారూ. పైకే, గట్టిగా. తలెత్తి చూస్తే అద్దం బయట వాచ్‌మన్ భార్య నిలబడి ఉంది. ఆవిడ చెంగుతో కళ్ళు తుడుచుకుంటూ వెళ్ళిపోయింది. ఆవిడ ఏదైనా అన్నా బాగుండేది. ఆ రోజే నాకు భయం వేసింది.

మీకు మూడుకి సరేనని రాసేటప్పుడు కోపమే ఉంది. కానీ డాక్టరుగారికి అమ్మింది కోపంతో కాదు. ఆ బండి మీ ఇంటి ముందు ఉంటే నేను సెలవు దొరికిన ప్రతిసారీ వచ్చి అందులో కూర్చుంటాను. మీరు పక్కన కూర్చుంటారు. ఇద్దరం ఏసీ వేసుకుని ఆ వాసన పూర్తిగా పోయేదాకా పీలుస్తాం. మీకు అదే కావాలి. నాకూ అదే కావాలనిపిస్తుంది, అందుకే భయం. నాకు ముప్పై నాలుగేళ్ళు. ఇక ముందు ఏమవుతానో నాకు తెలియదు. తెలుసుకోవాలంటే మాత్రం ఆ కారు దిగాలి.

కొత్త ఊరు వెళ్ళాక కొంతకాలం మీకు రాయను. ఎంతకాలమో చెప్పలేను, చెప్తే అబద్ధమవుతుంది. మీ మీద కోపంతో కాదు. మీ చేతిరాత ఆయన చేతిరాతలాగే ఉంటుంది. కవరు చూసినప్పుడల్లా ఒక్క క్షణం నా గుండె ఆగుతోంది. అలా ఎన్నిసార్లు ఆగగలదో నాకు తెలియదు.

సంతకం పెట్టమని మళ్ళీ అడుగుతున్నాను. పెట్టకపోతే మిమ్మల్ని తప్పుపట్టను. బండి ఇక్కడే పడి ఉంటుంది, నేను వెళ్ళిపోతాను.

మీ కోడలు

మార్చి 20

అమ్మా,

సంతకం పెట్టిన కాగితం ఇందులో ఉంది.

నిన్న పొద్దున్నే ఇక్కడి రవాణా ఆఫీసుకి వెళ్ళాను. నలభై ఏళ్ళు ఇతరుల కాగితాలు పట్టుకుని తిరిగిన ఆఫీసే, గుమాస్తాలందరికీ నేను తెలుసు. ఎప్పుడూ వరసలో నిలబడకుండా పక్క తలుపు నుంచి వెళ్ళేవాణ్ణి. నిన్న వరసలో నిలబడ్డాను. నా వంతు రాగానే గుమాస్తా "ఏంటి పెద్దాయనా, ఎవరి బండి ఇవాళ?" అన్నాడు. నాకు వినపడలేదనుకుని ఇంకా గట్టిగా అరిచాడు. వినపడింది. "మా అబ్బాయిది" అన్నాను. అతను పేరు చూసి పెన్ను కింద పెట్టేశాడు. లేచి వచ్చి నన్ను కుర్చీలో కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చాడు. తండ్రి సంతకం దగ్గర ఒక అక్షరం గడి బయటికి పోయింది. ఫరవాలేదు, చెల్లుతుందని అధికారి చెప్పాడు.

ఎనిమిది న్యాయమైన ధర. నేను దగ్గరుండి అమ్మించినా అంతకంటే రాబట్టలేను. బాగా చేశావు. డాక్టరు దగ్గర బండి అప్పజెప్పినట్టు రాయించుకో, తేదీతో, టైముతో సహా. లేకపోతే ఆయన ఎక్కడో ఎర్రలైటు దాటితే జరిమానా చీటీ వాడి పేరు మీద వస్తుంది. అది నువ్వు చూడకూడదు. సీట్ల కింద, అద్దం వెనక, అన్ని అరలూ ఒకసారి వెతుక్కో. ఒక్కదానివే వెళ్ళకు, వాచ్‌మన్ భార్యని తోడు తీసుకెళ్ళు.

నువ్వు రాయనన్నది చదివి రెండు రోజులు తిండి సయించలేదు. దాచి లాభం లేదు కాబట్టి చెప్తున్నాను. నీ మీద నిష్ఠూరం కాదు. వాడు పోయినప్పుడు నన్నెవరూ అడగలేదు, నువ్వు అడిగి వెళ్తున్నావు. అది నాకు గొప్పే. నేను కూడా రాయను. పండగో, పబ్బమో ఏదో ఒక వంకతో రాయాలనిపిస్తుంది గానీ, చెయ్యి కట్టేసుకుంటాను. ఎప్పుడైనా నీకే రాయాలనిపిస్తే పైన చిరునామా వేరేవాళ్ళ చేత రాయించమని అడగను. నీ చేతిరాత చూస్తే నా గుండెకేం కాదు.

కాగితంలో ఒక్క గడి మాత్రం నింపలేదు. పోయినవాడితో బంధుత్వం అన్నచోట తండ్రి అని రాశాను, అందులో తగాదా లేదు. దాని కింద, దరఖాస్తు పెట్టినవారితో బంధుత్వం అని ఇంకొకటి ఉంది. అంటే నీతో. వాడు ఉన్నప్పుడు మామనే. వాడు లేనప్పుడు, నువ్వు వెళ్ళిపోతున్నప్పుడు ఏమని రాయాలో నాకు తెలియలేదు. గుమాస్తాని అడిగితే "మీ ఇష్టం, అది ఎవరూ చూడరు" అన్నాడు. చాలాసేపు పెన్ను పట్టుకుని కూర్చుని, ఖాళీగానే వదిలేశాను. అది నువ్వు నింపుకో. ఇవాళ రాసినా సరే, వెళ్ళాక ఎప్పుడో రాసినా సరే, అసలు గీత కొట్టేసినా సరే.

నువ్వు ఏది న్యాయమనుకుంటే అది రాయి. ఈసారి నేను బేరం ఆడను.